పాత ట్రాలీ బేరంలో కాగితమూ సరకే

పాత బియ్యానికి ధర పెరుగుతుంది గాని పాత బండికి పెరగదు. ఈ సంగతి ఎరుగని వర్తకుడు ఉండడు. అయినా ఉప్పల్ కిరాణా వర్తకుడు గాని, నాచారం పారిశ్రామికవాడలోని చిన్న తయారీదారు గాని పాత ట్రాలీ కొనబోయినప్పుడు, అమ్మకందారు తాను కొన్ననాటి ధర చెప్పి మొదలుపెట్టిన బేరంలోకే దిగుతున్నాడు. కొత్త సరకు ధర ఎంత ఉన్నదో ముందుగా విచారించుకునే అలవాటు మిరపకాయల విషయంలో ఉన్నంతగా బండి విషయంలో లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా మోటారు వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగినది. పన్నుతో కలిపి 4 లక్షల రూపాయలున్న బండిపై ఈ ఒక్క మార్పు వల్ల తగ్గవలసినది 31 వేల పైచిలుకు. అంతకు ముందే, ఆ సంవత్సరం జూన్‌లో, టాటా కంపెనీ ఏస్ ప్రో అనే చిన్న బండిని 750 కిలోల మోతతో ప్రకటించింది. అందులో పెట్రోలు రకం షోరూం ధర 3 లక్షల 99 వేల వద్ద మొదలయినది. అంటే కొత్త సరకు ధర రెండు దెబ్బలు తిన్నది. పాత బండ్లు ఆ మేరకు దిగిరావలసిందే. దిగలేదని అమ్మకందారు చెబితే ఖరీదుదారు లేచి వెళ్లడానికి వెనుకాడనక్కరలేదు.

ఇంతకంటే ముఖ్యమైన లెక్క ఒకటి ఉన్నది. జి.ఎస్.టి. కింద రిజిస్టరై మామూలు పద్ధతిలో పన్ను కట్టే వర్తకుడు, కారు మీద రాని ఇన్‌పుట్ క్రెడిట్‌ను సరకు బండి మీద పొందవచ్చును. పన్నుతో కలిపి 4 లక్షలకు కొత్త బండి కొంటే అందులో 61 వేల రూపాయలు పన్నే. ఆ పన్ను భాగంపై తరుగుదల రాసుకోకుండా ఉంటే అది క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. అతనికి ఆ బండి అసలు పడినది 3 లక్షల 39 వేలు. రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు వేరు. వీధిలో ఒక సొంతదారు వద్ద కొన్న పాత బండికి ఇటువంటి క్రెడిట్ ఏమీ లేదు. కనుక ఏడెనిమిదేళ్ల బండికి రెండున్నర లక్షలు చెప్పడం, దానికి ఖరీదుదారు రెండు లక్షల ముప్పై అని ఎదురు చెప్పడం, ఇద్దరూ లెక్క వేయకుండా ఆడుతున్న ఆట.

అయితే పాత బండికి గిరాకీ లేకపోలేదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అసలు రిజిస్ట్రేషనే అవసరం లేని కూరగాయల వ్యాపారికీ రాదు. రోజుకు 30, 40 కిలోమీటర్ల లోపు తిరిగేవానికి కొత్త బండి వాయిదాలు మోయడం దండగ. రామంతాపూర్, హబ్సిగూడ, మల్లాపూర్, బోడుప్పల్ చుట్టూ తిరిగే సరకంతా ఈ కోవలోనిదే. పెద్ద లారీలు పగటివేళ నగరంలోకి రావడానికి ఆంక్షలున్నందున చివరి పది మైళ్ల సరకు చిన్న బండ్ల మీదనే సాగుతున్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిన తరువాత పండ్ల వ్యాపారులకు తెల్లవారుజాము ప్రయాణం పెరిగినది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైన తరువాత మల్లాపూర్, నాచారం వైపు రాకపోకలు మరింత పెరిగినవి. కనుక చవకగా, మొండిగా, ఏ హంగులూ లేకుండా నడిచే పాత ట్రాలీకి ఈ ప్రాంతంలో చోటు ఎప్పుడూ ఉంటుంది. చవక అన్న మాటకు అర్థం ఏమిటన్నదే ప్రశ్న.

ఈ బజారులో పేర్ల సంగతి కూడ తమాషాయే. 1980లలో జపాను కంపెనీల సహకారంతో చిన్న లారీలు తయారు చేసిన సంస్థలలో డి.సి.ఎం. టయోటా ఒకటి. ఆ పేరుతో బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయినా, తెలుగునాట మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా నేటికీ డీసీఎమ్మే. మన హైదరాబాదు ఆల్విన్ కూడ ఆ రోజులలోనే నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీలు తయారు చేసింది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా వారి చేతికి పోయినది. 2015లో వచ్చిన జీతో అనే చిన్న బండి అక్కడిదే. ఇక 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి మూడు చక్రాల ఆటో ట్రాలీ చేసే పనిని నాలుగు చక్రాల బండి చేయసాగింది. జనం దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టారు. ఆ ఏనుగుకు ఉన్నది రెండు సిలిండర్ల, 702 సి.సి. డీజిలు ఇంజను, 16 గుర్రాల బలం మాత్రమే.

పాత బండి కొనేవానికి ఆ మొదటి తరం ఏస్ వంటి సాదా బండే మేలు. ముందూ వెనుకా కమాన్లే. పవర్ స్టీరింగు లేదు, చల్లని గాలి లేదు, తలుపు అద్దం చేత్తో తిప్పుకోవలసిందే. పాడవడానికి ఉన్న వస్తువులు తక్కువ, బాగుచేయగల మేస్త్రీలు ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్లు పొగ విషయంలో మంచివే. కాని పదేళ్లు నలిగిన తరువాత వాటి సెన్సర్లూ కంప్యూటరు పెట్టెలూ ఎంత ఖర్చు తెస్తాయో చవక బండి కొనేవాడు ముందుగా ఆలోచించుకోవలసి ఉన్నది. అమ్మకందారులు కొత్త రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె చూపించి పదివేలు అదనంగా అడగడం మామూలే. బస్తాలు పాటలు వినవు.

కాగితాల తరుగు

ఈ బజారులో అసలు నష్టం ఇంజనులో లేదు, కాగితాలలో ఉన్నది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు 29, 30 బండితో పాటు చేతులు మారుతూ పోవడం ఇక్కడ ఆచారమైపోయినది. మొదటి సొంతదారు సంతకం పెట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. దళారీ ఆ ఫారాలను తన వద్ద ఉంచుకుంటాడు. బండి రెండో చేతికి, మూడో చేతికి పోతుంది. తారీఖు గడి, కొన్నవాని పేరు గడి చివరిదాకా ఖాళీగానే ఉంటాయి. ఆర్.సి.లో మాత్రం మొదటివాని పేరే. దీనిని "ఓపెన్ కాగితాలు" అని గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. పేరు మార్పిడి ఖర్చు మిగులుతుందని కొన్నవాడు సంతోషిస్తున్నాడు.

గోదాము రసీదు ఒకని పేర, సరకు మరొకని స్వాధీనంలో, డబ్బు మూడోవాడు ఇచ్చినట్లుగా ఉన్న లావాదేవీని మలక్‌పేట గంజిలో ఏ అడ్తిదారైనా ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. అటువంటివాడు తన ఇంటి బండి అమ్మేటప్పుడు మాత్రం ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి, కొన్నవాని చిరునామా కూడ రాసుకోకుండా ఇంటికి వెళ్లి నిద్రపోతున్నాడు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, రాష్ట్రంలోనే జరిగిన అమ్మకాన్ని అమ్మినవాడు 14 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజులలో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. చేయకపోతే ఏమవుతుందన్నదానికి సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు సమాధానం. ఒక కారును దాని సొంతదారు 2007లో అమ్మివేశాడు. ఆ కారు ఒకరి తరువాత ఒకరుగా పలువురి చేతులు మారింది. 2009లో దాని కింద పడి ఒక పిల్లవాడు మరణించాడు. అప్పటికీ రికార్డులో మొదటి సొంతదారు పేరే ఉన్నది. అతను అమ్మి రెండేళ్లు కావచ్చింది, బండి ఎక్కడున్నదో అతనికి తెలియదు. అయినా రికార్డులో పేరున్నవాడే చట్టం దృష్టిలో సొంతదారు అనీ, పరిహారం బాధ్యత అతనిదేననీ న్యాయస్థానం చెప్పినది. ప్రమాద బాధితుడు చేతులు మారిన వరుసంతా వెదకుతూ తిరగవలసిన పని లేదన్నది ఆ తీర్పులోని న్యాయం. అందులో తప్పు పట్టవలసినది లేదు.

రోజంతా రోడ్డు మీద ఉండే ట్రాలీకి కారుకంటే ప్రమాదావకాశం ఎక్కువ. లక్షా యాభై వేలకు బండి అమ్ముకుని, కొన్నేళ్ల తరువాత అంతకు ఎన్నో రెట్ల పరిహారపు నోటీసు అందుకోవలసిన పరిస్థితి ఏ వర్తకునికైనా రావచ్చును. ఆ ఒక్క సంతకం ఖరీదు అది.

కొన్నవాని నష్టం మరొక రకం. మొదటి సొంతదారు మరణిస్తే అతని సంతకాలున్న ఫారాలు చెల్లవు. ఫారం 31 మీద వారసుల ద్వారా నడవాలి, వారసులు ఎక్కడున్నారో వెదకాలి. బండి మీద ఫైనాన్సు ఉండి, అది తీరినట్లు ఫారం 35, కంపెనీ నిరభ్యంతర పత్రం లేకపోతే పేరు మారదు. వాయిదాలు తప్పినందుకు కంపెనీ స్వాధీనం చేసుకున్న బండ్లు వేలంలో చవకగా వస్తాయి నిజమే, కాని పాత సొంతదారు సంతకం పెట్టని చోట కంపెనీ ముందుగా ఫారం 36 ద్వారా తన పేర ఆర్.సి. తెచ్చుకోవలసి ఉంటుంది. ఆ పని జరిగినదో లేదో చూడకుండా వేలంలో చెయ్యెత్తడం తొందరపాటు.

బీమా విషయంలోనూ పొరపాటు జరుగుతున్నది. బండి చేతులు మారినప్పుడు మూడో మనిషికి జరిగే నష్టానికి పాత పాలసీ కొన్నవానికి సంక్రమిస్తుంది. దానితో అంతా సరిపోయిందనుకుంటున్నారు. బండికి జరిగిన సొంత నష్టం అలా సంక్రమించదు. 157వ సెక్షను ప్రకారం 14 రోజులలో బీమా కంపెనీకి తెలిపి పాలసీలో పేరు మార్పించుకోవాలి. పేరు మార్చుకోని బండి మంటలలో కాలితే క్లెయిము రాదనే అనుకుని ఉండడం మంచిది.

దళారీల వాదన ఒకటి ఉన్నది. తమ వద్ద బండి వారం, పది రోజులే ఉంటుందనీ, తమ పేర ఒకసారి, ఖరీదుదారు పేర మరొకసారి మార్పిడి చేయిస్తే రెండు ఖర్చులు పడి బేరమే చెడుతుందనీ వారంటారు. ఒకప్పుడు ఈ వాదనలో కొంత పస ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో పాత బండ్ల డీలర్లకు ప్రత్యేకంగా అధికార పత్రం ఏర్పాటు చేశారు. అది తీసుకున్న డీలరుకు సొంతదారు బండి అప్పగించి ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, ఆ రోజు నుంచి డీలరే సొంతదారుగా చెల్లుతాడు. మధ్యలో అదనపు పేరు మార్పిడి లేదు. మార్గం ఉండగా దానిలో నడవక ఖాళీ ఫారాలనే పట్టుకుని ఉన్న దళారీ, ఖర్చు మిగల్చడానికి కాక, లెక్కలో కనిపించకుండా ఉండడానికే అలా చేస్తున్నాడని ఖరీదుదారు అనుమానిస్తే ఆ అనుమానం తప్పు కాదు.

నంబరు పలకను చదవడం కూడ కాగితం చదవడం వంటిదే. హైదరాబాదు చుట్టుపక్కల ఏ.పి. అక్షరాలతో ఉన్న స్థానిక నంబరు 2014 జూన్‌కు ముందటిది. ఆ బండికి పదకొండేళ్లు దాటినట్లే, అమ్మకందారు ఏమి చెప్పినా సరే. టి.ఎస్. అంటే 2014 జూన్ నుంచి 2024 మార్చి వరకు, ఆ తరువాతివి టి.జి. కాగా ఏ.పి. 39 అనేది 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటికీ ఒకటిగా ఇస్తూ వచ్చిన వరుస. అది కొత్త బండి కావచ్చును గాని పరాయి రాష్ట్రపు బండి. దానికి అక్కడి నుంచి ఫారం 28 నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. ధరలో పదిహేను వేలు తక్కువని విజయవాడ నుంచి బండి తెచ్చుకునేవారు ఈ ఖర్చును, తిరిగే రోజులను కలుపుకుని చూడాలి.

చలానాల సంగతి చెప్పనక్కరలేదు. ప్రభుత్వం 2022 మార్చిలోనూ, 2023 డిసెంబరులోనూ బకాయిలపై రాయితీలు ఇచ్చినది. మళ్లీ ఇస్తారని ఎదురుచూస్తూ కట్టకుండా కూర్చునే అలవాటు అప్పటి నుంచి బలపడినది. ఆ ఎదురుచూపు భారం కొన్నవాని మీద పడకుండా, అడ్వాన్సు ఇవ్వకముందే నంబరు కొట్టి బకాయి చూసుకుని ధరలో తగ్గించుకోవాలి.

బండి వయసుకు కూడ ఇప్పుడు ధర పెట్టుకోవాలి. ఎనిమిదేళ్లలోపు రవాణా బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకొకసారి, ఎనిమిది దాటితే ఏటా. 15 ఏళ్లు దాటిన తేలికపాటి రవాణా బండి ఫిట్‌నెస్ పత్రం రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 7,500 రూపాయలుగా కేంద్రం నిర్ణయించింది. 2025 నవంబరులో పదేళ్ల వయసు నుంచే మెట్లు కట్టి మళ్లీ సవరించింది. వయసు మీరిన బండిని రోడ్డు మీద నుంచి మెల్లగా తప్పించాలన్నది ప్రభుత్వ ఉద్దేశమని దీనితో తేటతెల్లమే. పదమూడేళ్ల బండి కొనేవాడు తాను మరొకనికి అమ్మగలిగే కాలం ఎంత మిగిలి ఉన్నదో చూసుకోవాలి.

రెండు విషయాలలో మాత్రం చట్టం చిన్న బండికి అనుకూలంగానే ఉన్నది. బండి, సరకు కలిసి 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిటు అక్కరలేదు. టాటా ఏస్, జీతో, మారుతి సూపర్ క్యారీ, అశోక్ లేలాండ్ దోస్త్ ఈ హద్దులోపలివి. పెద్ద పికప్‌లలో కొన్ని రకాలు హద్దు దాటుతాయి కనుక ఆర్.సి. చూడక తప్పదు. ఇక 7,500 కిలోల లోపు రవాణా బండిని తేలికపాటి మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. కొట్టు యజమాని తన కారు లైసెన్సుతోనే ట్రాలీ నడుపుకోవచ్చును.

కాటా మీద పెట్టి చూడాలి

బండి పరీక్షకు మేస్త్రీని వెంట తీసుకుపోవడం అందరూ చేసే పనే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. ముందుగానే వేడిచేసి ఉంచితే మరునాడు వస్తామని చెప్పి తిరిగి రావచ్చును. నడుస్తున్న ఇంజనుకు ఆయిలు పోసే మూత తీసినప్పుడు పొగ గుప్పున చిమ్మితే లోపల అరుగుదల ఉన్నట్లు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆర్.సి.తో పోల్చాలి. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు పైవంతెన పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగినందున, ఆ గుంతల దారిలో రోజూ తిరిగిన బండ్ల కమాన్లు, బుష్‌లు ఏ గతిలో ఉన్నవో కిందికి వంగి చూస్తే తెలుస్తుంది. మీటరు చూపే కిలోమీటర్లను ఎవరూ నమ్మనక్కరలేదు. బ్రేకు పెడలు మీద రబ్బరు అరిగినంత నిజం మీటరు చెప్పదు.

మేస్త్రీలు చెప్పని పరీక్ష ఒకటి వర్తకుని చేతిలోనే ఉన్నది. ఖాళీ బండిని కాటా మీద పెట్టాలి. ఆర్.సి.లో మొత్తం బరువు 1,550, ఖాళీ బరువు 800 కిలోలు అని ఉన్న బండి ఖాళీగా 920 తూగినదనుకుందాం. అదనపు ఇనుప చట్రాలు, రేకులు, వెల్డింగు ముక్కలు 120 కిలోలు మింగినవి. చట్టప్రకారం మోయగలిగినది 750 కాదు, 630. యాభై కిలోల బస్తాలు పదిహేను పట్టవలసిన చోట పన్నెండే. అంతేకాదు, అంత ఇనుము ఎందుకు వేశారన్న ప్రశ్నకు సమాధానం ఒకటే. ఆ బండి ఇంతకాలం ముప్పై బస్తాలు మోసినది. అటువంటి బండి చాసిస్ చెప్పుకోలేని బాధలు పడి ఉంటుంది. అధిక బరువుకు కనీస జరిమానాను 2019 సవరణ చట్టం 20,000 రూపాయలుగా రాసింది. రెండు మూడు వందల రూపాయల కాటా ఛీటీ కోసం సందేహించి లక్షన్నర పోసేవారు ఉండడం ఆశ్చర్యమే.

కిరాయి కంటే సొంతం చవకేనా

ఇంత శ్రమ పడి కొన్న బండి కిరాయి బండి కంటే చవక పడుతుందా అన్నది చివరకు చూడవలసిన లెక్క. రెండు లక్షలకు కొని మూడేళ్ల తరువాత లక్షా పదివేలకు అమ్మినట్లయితే నెలకు తరుగుదల 2,500. పెట్టిన డబ్బుకు నూటికి రూపాయి చొప్పున వడ్డీ 2,000. మూడో మనిషి బీమా ప్రీమియంను 2022 జూన్ 1 నుంచి 7,500 కిలోల లోపు సరకు బండ్లకు 16,049 రూపాయలుగా నిర్ణయించారు. దానికి పన్నులు, ఫిట్‌నెస్ కలుపుకుంటే నెలకు 2,000. టైర్లకు, మరమ్మతులకు 3,500 వేసుకుంటే మొత్తం 10,000. డ్రైవరుకు 18,000 ఇస్తే 28,000. నెలకు 25 రోజులు తిరిగితే రోజుకు 1,120. పది రోజులే తిరిగితే 2,800. డీజిలు వేరు. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే బండి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే, లీటరు 95 రూపాయలున్నప్పుడు అది 250 రూపాయల మాట.

ఈ అంకెలను ఎవరి లెక్కకు తగినట్లు వారు మార్చుకోవచ్చును. కాని ఫలితం పెద్దగా మారదు. వారానికి రెండు మూడు రోజులే సరకు కదిలించే దుకాణదారు, ఫోను చేస్తే వచ్చే కిరాయి బండిని వదిలి సొంత బండి పెట్టుకోవడం లెక్కకు నిలవదు. ఉన్న రోజులలో కిరాయికి తిప్పుకోవచ్చునని చెప్పేవారున్నారు. కిరాయికి తిప్పడం వేరే వ్యాపారం, దానికి వేరే మనిషి కావాలి.

అప్పు చేసి కొనేవారు ఫైనాన్సు వారి వడ్డీ భాషను జాగ్రత్తగా వినవలసి ఉన్నది. లక్షా యాభై వేలకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్లు అంటే 54,000 వడ్డీ, నెలకు 5,667 చొప్పున 36 వాయిదాలు. వినడానికి నూటికి రూపాయి వడ్డీ. కాని అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదనే పడుతున్నందున, అసలు రేటు ఏడాదికి 21 శాతం పైన, అంటే రూపాయి ముప్పావలాకు కొంచెం ఎక్కువే. రూపాయిన్నర వడ్డీకి తెలిసినవారి వద్ద చేబదులు తీసుకున్నా ఇంతకంటే నయం. పైగా ఆర్.సి. మీద ఫైనాన్సు ముద్ర పడదు.

ధరలు ఎటు పోయినా ఈ బజారు బాగుపడడానికి ప్రభుత్వం కొత్తగా చేయవలసినది పెద్దగా లేదు. ఖరీదుదారులు చేయగలిగినది ఉన్నది. గంజిలో తూకం పూర్తయి తక్‌పట్టీ రాసిన తరువాతనే లెక్క తేలుతుంది. ట్రాలీ బేరంలో తక్‌పట్టీ అంటే కొన్నవాని పేరుతో వచ్చిన ఆర్.సి. మాత్రమే. కనుక ధరలో ఒక పదిహేను వేలు, దళారీ కమీషన్‌లో సగం, పేరు మారేవరకు ఖరీదుదారు చేతిలోనే ఉండాలి. అమ్మకందారు కూడ డబ్బు లెక్కపెట్టుకున్న రోజుననే తారీఖు, కొన్నవాని పేరు, చిరునామా రాయని ఫారం మీద సంతకం పెట్టకుండా ఉండాలి. తన ప్రతిని రవాణా శాఖకు తానే స్వయంగా దాఖలు చేసి రసీదు దాచుకోవాలి. ఈ షరతులకు ఒప్పుకోని దళారీ వద్ద బండి ఎంత చవకగా ఉన్నా, ఉప్పల్ చుట్టూ అటువంటి బండ్లకు కరువు లేదు గనుక, మరొక చోట చూసుకోవడమే వర్తక లక్షణం.